ఆరువందల దుప్పట్ల ఆర్డరు

తిరుపతి కొర్లగుంటలో నాకొక చిన్న ఆఫీసు గది ఉంది. పదేళ్లు ఒక ఆడిటరు గారి దగ్గర పనిచేసి, బాబు పుట్టాక సొంతంగా జీఎస్టీ రిటర్నుల పని పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా చిన్న యూనిట్ల వాళ్లే. అగరుబత్తీలు చేసేవాళ్లు, ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లు, స్టీలు బీరువాలు చేసేవాళ్లు. నగరి నుంచి వచ్చే మరమగ్గాల అన్న వాళ్లలో ఒకరు. ఎనిమిది మగ్గాలు, ఆరుగురు పనివాళ్లు. యూనిట్ వదిన పేరు మీద ఉంది. మడతలు కుట్టడం, లెక్కలు చూడటం ఆమె పని. మగ్గం, నూలు, బేరం ఆయనవి.

నగరి, పుత్తూరు, నారాయణవనం, ఏకాంబరకుప్పం వీధుల్లో తిరిగిన వాళ్లకి ఆ మగ్గాల చప్పుడు తెలిసే ఉంటుంది. ఇంట్లో మాట్లాడుకోవాలన్నా గొంతు పెంచాలి. అంత చప్పుడు మధ్య నేసిన గుడ్డ చాలావరకు దళారుల చేతికే పోతుంది. అన్న కూడా దుప్పట్లు నేసి చెన్నై వ్యాపారికి ఇచ్చేవాడు. దుప్పటికి పది రూపాయలు మిగిలితే గొప్ప. ఆ డబ్బులు కూడా మూడు నెలలకు వచ్చేవి.

2022 అక్టోబరులో ఒకరోజు రిటర్ను కాగితాలు ఇస్తూ అన్నాడు. "పాపా, మా దుప్పట్లు కొని ఆ చెన్నై ఆయన ఆసుపత్రులకి, హాస్టళ్లకి టెండరేసి ఇస్తా ఉండాడంట. అదే దుప్పటి మేమే నేరుగా ఇవ్వలేమా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని చెప్తానన్నాను. ఈ పనిలో నేను దిగింది అలా.

తిరుపతిలో టెండరు అనగానే అందరికీ కొండ మీది పనులే గుర్తొస్తాయి. నాకూ అంతే. కానీ రాసుకుంటూ పోతే ఒక్క మా ఊరి చుట్టుపక్కలే ప్రభుత్వ డబ్బుతో సరుకు కొనే చోట్లు ఎన్నో తేలాయి. రైల్వే వాళ్ల క్యారేజ్ రిపేర్ షాప్, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, కరెంటు పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం, యూనివర్సిటీలు, పెద్దాసుపత్రులు, కార్పొరేషన్. చీపుర్ల నుంచి పరుపుల దాకా అన్నీ కొనాల్సిందే. అయితే అందరూ ఒకే చోట కొనరు. కేంద్ర సంస్థలు ఎక్కువగా జెమ్ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో కొంటాయి. ఇది 2016 ఆగస్టులో మొదలైంది. రైల్వేకి ఐరెప్స్ అని వేరే ఉంది. రాష్ట్ర శాఖలకి మన ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ఉంది. దేని లాగిన్ దానిదే, దేని నిబంధనలు దానివే.

మేము జెమ్‌తో మొదలుపెట్టాం. దుప్పట్లకి అక్కడ బిడ్లు ఎక్కువ కనిపించాయి.

రిజిస్ట్రేషన్ రోజు మధ్యాహ్నమంతా ఒక ఓటీపీ దగ్గరే గడిచిపోయింది. వదిన ఆధార్‌కి లింకైన నంబరు ఎప్పుడో పోయిన పాత సిమ్‌ది. ఆధార్ సెంటరులో నంబరు మార్పించుకుని వారం తర్వాత వచ్చారు. ఇంత చిన్న విషయం రాయడం ఎందుకంటే, నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. పాన్ మీద ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకులో మూడో పేరు. ఏదైనా బిడ్ కంటపడ్డాక ఇవి సరిచేసుకుందామంటే టైమ్ చాలదు. టెండరు వేసినా వేయకపోయినా ఇవి ముందే చక్కబెట్టి పెట్టుకోండి.

మొదటి బిడ్ నవంబరులో వేశాం. బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్టు, దాన్నే ఈఎండీ అంటారు, పద్నాలుగు వేలు. చిన్న తయారీదారులకి ఈఎండీ కట్టనక్కర లేదని చదివాను కాబట్టి చిన్న సంస్థగా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి మినహాయింపు అడిగాను. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు పాటించాల్సిన కొనుగోలు విధానం ఒకటి 2012లో వచ్చింది. వాళ్లు ఏడాదికి కొనేదాంట్లో ఇంత శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలి. మొదట అది 20 శాతం, తర్వాత 25 శాతం చేశారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి, 3 శాతం ఆడవాళ్ల యూనిట్ల నుంచి. టెండరు కాగితాలు ఉచితంగా ఇవ్వాలి, ఈఎండీ అడగకూడదు. ఇదంతా చదివి వదినకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

పది రోజులకి ఫలితం వచ్చింది. ధర తెరవకుండానే, అర్హతలు చూసే టెక్నికల్ దశలోనే తీసేశారు. కారణం ఒక్క వరుసలో రాశారు. ఉద్యమ్ ప్రకారం బిడ్డరు ట్రేడరు, మినహాయింపు వర్తించదు, ఈఎండీ లేదు.

ట్రేడరు ఏమిటి? ఆ ఇంట్లో గోడలకు కూడా నూలు పొట్టు అంటుకుని ఉంటుంది!

సర్టిఫికెట్ తెరిచి ఈసారి అక్షరం అక్షరం చదివాను. ముఖ్య కార్యకలాపం అన్నచోట ట్రేడింగ్ అని ఉంది. కింద పరిశ్రమ కోడ్ 46తో మొదలైంది. 46 అంటే హోల్‌సేల్ వ్యాపారం. బట్టల తయారీ కోడ్ 13తో మొదలవ్వాలి. దుప్పట్లలాంటి కుట్టిన సరుకుకి 1392. అంతకుముందు ఏడాది లోను కోసం ఏదో నెట్ సెంటరులో ఉద్యమ్ చేయించుకున్నారట. "ఏం చేస్తారు?" అని అడిగితే అన్న "దుప్పట్ల వ్యాపారం" అన్నాడు. ఆ కుర్రాడు వ్యాపారమనే కొట్టాడు. దానికి ఎనిమిది వందలు తీసుకున్నాడు కూడా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు. 2020 జూలై 1న మొదలైనప్పటి నుంచీ ఉచితమే.

2021 జూలై నుంచి హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకి కూడా ఉద్యమ్ ఇస్తున్నారు. కానీ అది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం వరకే. ప్రభుత్వ కొనుగోళ్లలో వచ్చే రాయితీలు ట్రేడర్లకి రావు. సొంతంగా తయారుచేసేవాళ్లకి, సేవలిచ్చేవాళ్లకే. ఈ తేడా నాకు ముందే తెలిసి ఉండాల్సింది. రెండేళ్లుగా వాళ్ల రిటర్నులు నేనే వేస్తున్నాను, ఆ సర్టిఫికెట్ నా ఫైల్లోనే ఉంది. ఒక్కసారి తెరిచి చూసి ఉంటే పోయేది కాదు. అన్నకి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దిద్దేదానికి ఎంతవుతాది పాపా?" అన్నాడు. ఏమీ కాదు, ఓటీపీ చెప్తే చాలన్నాను. ఆ సాయంత్రమే ఉద్యమ్‌లో అప్‌డేట్ పెట్టి తయారీ కోడ్ వేయించాను.

ఆ రోజు నుంచి ఎవరు కొత్తగా వచ్చినా ముందు వాళ్ల ఉద్యమ్ సర్టిఫికెట్ తీయించి ఆ రెండు గడులు చూస్తాను. ఇప్పటికి ఎంతమందివి దిద్దానో లెక్కలేదు. నేసేవాళ్లు, వెల్డింగు చేసేవాళ్లు, ఊరగాయలు పట్టేవాళ్లు కాగితం మీద వ్యాపారులైపోయి ఉన్నారు.

కొత్త ఏడాది జనవరి చివర్లో ఇంకో బిడ్ కనిపించింది. వేరే జిల్లాలో ఉన్న ఒక కేంద్ర సంస్థ. హాస్టలు కోసం 2,400 తెల్ల దుప్పట్లు, 60 అంగుళాలు ఇంటూ 90, చదరపు మీటరుకి 140 గ్రాముల బరువు. అంగుళానికి పడుగు, అంటే నిలువు పోగులు, 60. పేక, అంటే అడ్డపోగులు, 52. గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి టెస్ట్ రిపోర్టు కావాలి. గతంలో సప్లయి చేసిన అనుభవం, టర్నోవరు అడిగారు గానీ, చిన్న సంస్థలకి వాటిలో సడలింపు ఉందని రాశారు. జెమ్‌లో బిడ్ తెరవగానే నేను ముందు వెతికేది ఆ సడలింపు వరుస. అక్కడ "ఎస్" ఉంటేనే మనలాంటి కొత్తవాళ్లకి దారి. "నో" ఉంటే ఎంత తక్కువ ధర వేసినా టెక్నికల్‌లోనే పోతాం.

ల్యాబ్‌కి పంపే ముందు నగరి వెళ్లాను. మగ్గాల గదిలో కూర్చోలేం, అందుకని వదిన వరండాలో చాప వేసి దుప్పటి పరిచింది. అన్న జేబులోంచి చిన్న ఇత్తడి భూతద్దం తీశాడు. మడతపెట్టే రకం, కింద సరిగ్గా అంగుళం గడి ఉంటుంది. దాన్ని గుడ్డ మీద పెట్టి, సూదిమొనతో ఒక్కో పోగు జరుపుతూ లెక్కపెట్టాడు. పడుగు అరవై సరిపోయింది. పేక నలభై తొమ్మిదే వచ్చింది. ఇంకోచోట పెట్టాడు. మళ్లీ నలభై తొమ్మిదే.

"చెన్నై ఆయనకి ఇదే ఇస్తా ఉండాము. ఆయన ఇచ్చే రేటుకి అంతే నేసేది," అన్నాడు. కాసేపు ఆ గుడ్డని అరచేత్తో రాస్తూ కూర్చున్నాడు. "గవర్మెంటోళ్లకి యాభై రెండే నేస్తాను. యాభై మూడున్నా పరవాలేదు, యాభై ఒకటి ఉండకూడదు."

ఆ పూటే రెండు మగ్గాల్లో పళ్ల చక్రం మార్చాడు. పేక పెరిగితే రోజుకి దిగే గజాలు తగ్గుతాయి, నూలు ఎక్కువ పడుతుంది. ఆ లెక్క ఆయనకి తెలియనిది కాదు. కొత్తగా నేసిన ముక్క చెన్నైలో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపితే రిపోర్టు సరిగ్గా వచ్చింది. ఆ రిపోర్టు ప్రింటు తీసి ఇచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి. ముప్పై ఏళ్లుగా నేస్తున్నాడు, తన గుడ్డ గురించి ఒకరు కాగితం మీద రాసివ్వడం అదే మొదటిసారి.

ధర వేసేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. జెమ్‌లో మనం వేసే ధరలోనే జీఎస్టీ, లారీ ఖర్చు, దించే కూలీ అన్నీ కలిసి ఉంటాయి. తర్వాత విడిగా అడగడానికి లేదు. మేము 294 వేశాం. గడువుకి రెండు రోజుల ముందే అప్‌లోడ్ చేశాను. చివరి గంటలో సర్వరు నెమ్మదించి బిడ్ పోగొట్టుకున్నవాళ్లని చూశాను, ఆ టెన్షన్ నేను పెట్టుకోను. మధ్యలో ఒక శనివారం రాత్రి క్లారిఫికేషన్ అడిగారు, టెస్ట్ రిపోర్టు రెండో పేజీ సరిగ్గా కనిపించలేదని. ఆదివారమే మళ్లీ స్కాన్ చేసి పెట్టాను. బిడ్ వేశాక రోజుకి రెండుసార్లు లాగిన్ అయి చూడకపోతే ఇలాంటివి తెలియవు. మనం జవాబివ్వకపోతే వాళ్లు ఫోన్ చేసి అడగరు.

టెక్నికల్‌లో నెగ్గాం. ధరలు తెరిస్తే ఎల్‌వన్, అంటే అందరికంటే తక్కువ ధర, 268. అది పెద్ద కంపెనీ. మాది మూడో స్థానం. అన్న ఆశ వదిలేసుకున్నాడు. కానీ అదే 2012 విధానంలో ఇంకో మాట ఉంది. ఎల్‌వన్ చిన్న సంస్థ కాకపోతే, ఆ ధర మీద 15 శాతం లోపు వేసిన చిన్న తయారీదారుకి ఎల్‌వన్ ధరకి దిగే అవకాశం ఇవ్వాలి. ఒప్పుకుంటే సరుకులో కొంత భాగం వాళ్లకే. 268కి 15 శాతం కలిపితే 308 రూపాయల 20 పైసలు. మాది 294. మా కంటే ముందున్న రెండో స్థానం వాళ్లు ట్రేడర్లు, వాళ్లకి ఇది రాదు. మొదటి బిడ్‌లో మేము దేనివల్ల దెబ్బతిన్నామో అదే నిబంధన ఈసారి మా పక్షాన నిలబడింది.

బిడ్‌లో ఆ వాటా 25 శాతం అని ఉంది. అంటే 600 దుప్పట్లు. 268కి ఒప్పుకుంటారా అని అడిగారు, మర్నాడు సాయంత్రం లోపు చెప్పాలి.

ఆ రాత్రి వాళ్లిద్దరూ నగరిలో, నేను ఇక్కడ, ఫోన్ స్పీకరులో పెట్టుకుని లెక్క వేశాం. నేను నూలు బిల్లు జిరాక్సు వెనక రాసుకున్నాను, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దుప్పటికి నూలు 128. పడుగు తోడి గంజి పెట్టడానికి 14. నేత కూలి, కరెంటు 45. బ్లీచింగు 22. అంచు కుట్టి, లేబులు వేసి మడవడానికి 12. ప్యాకింగు, లారీ 9. మొత్తం 230. 268లోంచి 5 శాతం జీఎస్టీ తీస్తే చేతికొచ్చేది 255 చిల్లర. దుప్పటికి పాతిక రూపాయలు. ఆరువందలకి పదిహేను వేలు.

"చెన్నై ఆయన దగ్గర పది మిగులుతా ఉంది కదా, ఇది పాతిక," అంది వదిన.

నేను అడ్డుపడ్డాను. నూలుకి 76,800 కావాలి. అది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారని నాకు తెలుసు. నెలకి 1,536. డబ్బులు నాలుగు నెలలు ఆలస్యమైతే ఆరు వేలు వడ్డీకే పోతుంది. దానికి తోడు ల్యాబ్ ఫీజు, పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ. ఇది కూడా చాలామంది పొరపడే చోటు. ఈఎండీ మినహాయింపు ఉంటే అన్నిటికీ మినహాయింపు అనుకుంటారు. ఆర్డరు వచ్చాక కట్టే సెక్యూరిటీకి అది వర్తించదు, అడిగినచోట కట్టాల్సిందే.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరికి ఒక మాట అడిగాడు. "ఈ ఆర్డరు చేస్తే, మేము గవర్మెంటుకి ఇచ్చినామని కాగితం వస్తాదా?"

వస్తుంది అన్నాను. తర్వాత బిడ్లలో అనుభవం కింద చూపించుకోవచ్చు.

"అయితే ఒప్పుకుందాం."

నేసే సంగతి నేను రాయక్కర్లేదు, అది వాళ్లకి చేతనైన పని. మే 12న సరుకు దించారు. అక్కడివాళ్లు కొన్ని కట్టలు విప్పి కొలిచారు, బాగున్నాయన్నారు. వదిన ప్రతి కట్టలో సరిగ్గా పది దుప్పట్లు ఉన్నాయని మూడుసార్లు లెక్కపెట్టి పంపింది, ఒక్కటీ తేడా రాలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. జెమ్‌లో సరుకు అందాక తీసుకున్నవాళ్లు క్రాక్ అనే సర్టిఫికెట్ తీయాలి. సరుకు అందింది, బాగుంది, ఒప్పుకుంటున్నాం అని దాని అర్థం. పది రోజుల్లో అది రావాలి, అది వచ్చిన పది రోజుల్లో డబ్బు పడాలి. మాకు జూన్ దాటినా సర్టిఫికెట్టే రాలేదు. ఫోన్ చేస్తే స్టోర్స్ చూసే ఆయనకి బదిలీ అయిందన్నారు. కొత్తగా వచ్చినాయనకి లాగిన్ రాలేదన్నారు. వచ్చాక ఫైలు చూడాలన్నారు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. కానీ నగరిలో వడ్డీ పెరుగుతూనే ఉంది. అన్న ఫోన్ చేసినప్పుడల్లా డబ్బు మాట ఎత్తేవాడు కాదు, "అంతా బాగుండారా పాపా" అని అడిగి పెట్టేసేవాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

అప్పుడు కూర్చుని చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చదివాను. తెలుగులో దొరకలేదు, ఇంగ్లీషులోనే, డిక్షనరీ పక్కన పెట్టుకుని. ప్రతి చిన్న యూనిట్ వాళ్లకీ తెలియాల్సిన సెక్షన్లు నాలుగున్నాయి అందులో. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. సర్టిఫికెట్ తీయకుండా ఊరుకున్నంత మాత్రాన గడువు ఆగదు. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు మించకూడదు, అది 15వ సెక్షన్. మించితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడింతలంటే 20.25. మా 1,60,800కి నెలకి సుమారు 2,700. 18వ సెక్షన్ కింద ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. 2017లో వచ్చిన సమాధాన్ అనే పోర్టల్లో అప్పట్లో ఇంట్లో కూర్చుని ఫిర్యాదు పెట్టే వీలుండేది, కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. కౌన్సిల్ తీర్పు మీద కొన్నవాళ్లు కోర్టుకి పోవాలన్నా 19వ సెక్షన్ ప్రకారం ముందు 75 శాతం కట్టి పోవాలి.

ఇంత బలమైన చట్టం చేతిలో ఉండగా మనవాళ్లు ఫోన్లు చేసి బతిమాలుకుంటున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జూలై 10న ఉత్తరం రాశాను. ఒక్క పేజీ. ఆర్డరు నంబరు, సరుకు దించిన తేదీ, రసీదు మీద వాళ్ల సంతకం, అభ్యంతరం ఏదీ రాలేదన్న మాట, 45 రోజులు జూన్ 26తో అయిపోయాయన్న మాట, 15, 16 సెక్షన్లు, ఆనాటికి అయిన వడ్డీ. బెదిరింపు ఒక్కటీ లేదు. కింద వదిన తెలుగులో సంతకం పెట్టింది. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, మెయిల్లో ఒకటి, అకౌంట్స్ విభాగానికి ఒక నకలు. అకౌంట్స్‌కి పంపడం ముఖ్యం. వడ్డీ కట్టాల్సి వస్తే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది వాళ్లే.

ఆరో రోజు క్రాక్ వచ్చింది. నెలాఖరులోపు అసలు మొత్తం ఖాతాలో పడింది. వడ్డీ ఇవ్వలేదు. నేను సమాధాన్‌లో పెడదామన్నాను, అన్న వద్దన్నాడు. "మళ్లీ వాళ్లే దుప్పట్లు కొంటారు పాపా." ఆయన బతుకుతెరువు ఆయనది, నేను బలవంతం చేయలేదు. కానీ చట్టం ఇచ్చిన డబ్బుని చిన్నవాళ్లు భయంతో వదులుకోవడం నాకు ఇవాళ్టికీ మనసు ఒప్పదు.

ఆ తర్వాత ఇంకొందరికి చేశాను. అందులో తిలక్ రోడ్డు వైపున్న ఒక ప్రింటింగ్ ప్రెస్ ఆయన సంగతి చెప్పాలి. నగరి అన్న మాట విని, తనూ ఈఎండీ కట్టక్కర్లేదనుకుని ఒక స్థానిక సంస్థ టెండరుకి నన్ను అడగకుండానే వేశాడు. కొట్టేశారు. 2012 విధానం కేంద్ర శాఖలకీ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకీ మాత్రమే. రాష్ట్ర శాఖలు, మున్సిపాలిటీల టెండర్లలో ఆ మినహాయింపు నోటీసులో రాసి ఉంటేనే ఉన్నట్టు, లేకపోతే కట్టాల్సిందే. రాష్ట్ర పోర్టల్‌కి క్లాస్ త్రీ డిజిటల్ సంతకం టోకెన్ కూడా కావాలి. దాని గడువు బిడ్ చివరి రోజు కంటే ముందే అయిపోతుందేమో చూసుకోవాలి. ఇద్దరికి అలా జరిగింది.

నేను దీనికి శాతం తీసుకోను. కాగితాల పనికి ఇంత అని ముందే చెప్తాను, బిడ్ గెలిచినా ఓడినా అంతే. గెలిస్తే రెండు శాతం, మూడు శాతం అడిగేవాళ్లు, "లోపల మనిషి ఉన్నాడు" అని చెప్పేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. వాళ్లని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నా గదిలో కూర్చుని ఏడ్చారు. మేము ఆ 600 దుప్పట్లకి ఎవరికీ ఒక్క కాఫీ కూడా ఇప్పించలేదు.

ఇప్పుడు వదిన దగ్గర ఒక నీలం రెగ్జిన్ ఫైలుంది. ఉద్యమ్, జీఎస్టీ, మూడేళ్ల ఐటీ రిటర్నులు, టెస్ట్ రిపోర్టు, ఆ మొదటి ఆర్డరు కాగితం, అన్నీ కవర్లలో వరసగా. మొన్న మంగళవారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"పాపా, జెమ్‌లో దుప్పట్లది కొత్తది పడుండాది. నాలుగు వేలు. కానీ సడలింపు కాడ నో అని ఉంది. టర్నోవరు చూస్తే మనకి సరిపోతాది, అనుభవం కింద మన పాత ఆర్డరు పెట్టచ్చు. నేను చూసింది కరెక్టేనా?"

లాగిన్ అయి చూశాను. కరెక్టే.